ఇంటిల్లిపాదికీ ఒకటే కంప్యూటర్: ఎవరి క్లౌడ్ ఖాతా వారికి విడిగా ఉండేలా అమర్చుకోవడం ఎలా

హాల్లో ఓ మూల డెస్క్‌టాప్. నాన్న ఫారం 16లు, పొలం పాస్‌బుక్ స్కాన్‌లు అందులోనే. అమ్మ బడికి తయారుచేసే ప్రశ్నపత్రాలు, డిగ్రీ చదివే అమ్మాయి ప్రాజెక్టు, ఎనిమిదో తరగతి అబ్బాయి గేములు, మీసేవలో తీసుకున్న సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు అన్నీ అందులోనే. అన్నిటికీ లాగిన్ ఒకటే, చాలా ఇళ్లలో దానికి పాస్‌వర్డ్ కూడా ఉండదు. గూగుల్ డ్రైవ్ నాన్న ఖాతాతో నడుస్తుంటుంది. వన్‌డ్రైవ్ ఎవరి ఖాతాతో ఉందో ఎవరికీ గుర్తుండదు. ఓ ఆదివారం అబ్బాయి డెస్క్‌టాప్ మీది ఫైళ్లన్నీ ఊడ్చి పారేస్తాడు. సాయంత్రానికి నాన్న ఫోన్లోనూ అవి కనిపించవు.

దీనికి మందు క్లౌడ్ యాప్‌లో లేదు, విండోస్‌లో ఉంది. గది గోడ విండోస్ యూజర్ ఖాతా అనుకుంటే, క్లౌడ్ ఖాతా ఆ గదిలో పెట్టుకునే బీరువా. గోడ లేకుండా హాల్లోనే నాలుగు బీరువాలు పెట్టి, తాళంచెవులు వాటికే వేలాడదీయడమే మనలో ఎక్కువమంది చేస్తున్నది.

గూగుల్ డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్ యాప్ ఒకే లాగిన్‌లో ఒకేసారి నాలుగు ఖాతాల వరకూ ఒప్పుకుంటుంది కాబట్టి నలుగురినీ అందులోనే కలిపేద్దామని అనిపిస్తుంది. ఆ సదుపాయం ఉన్నది ఒకే మనిషికి సొంతానికొకటి, ఉద్యోగానికొకటి ఖాతాలున్నప్పుడు వాడుకోవడానికి. ఇంట్లో అలా చేస్తే కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నా నాలుగు డ్రైవ్‌లూ తెరిచే ఉంటాయి. వన్‌డ్రైవ్‌లో అసలు ఆ దారే లేదు. ఒక విండోస్ లాగిన్‌కు ఒక్క సొంత ఖాతానే పడుతుంది, ఆఫీసు లేదా కాలేజీ ఖాతాలను మాత్రం పక్కన చేర్చుకోవచ్చు. క్రోమ్ ప్రొఫైళ్లు వేరు చేస్తే చాలదా అంటే చాలదు. పైన బొమ్మ మీద నొక్కి ఎవరైనా ఎవరి ప్రొఫైల్‌లోకైనా వెళ్లిపోవచ్చు.

కింద చెప్పినవన్నీ విండోస్ 11 ప్రకారం. విండోస్ 10లో ఒకటి రెండు మెనూల పేర్లు మారతాయి, పని అదే.

ముందు ఒక కాగితం

కంప్యూటర్ ముట్టుకునే ముందు ఒక కాగితం మీద ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక వరుస రాయండి: పేరు, ఏ మెయిల్ ఖాతా, ఏ క్లౌడ్, ఇప్పటికి ఎంత నిండింది, ఓటీపీ ఏ ఫోన్‌కు వస్తుంది.

ఉచితంగా దొరికే చోటు గూగుల్‌లో 15 జీబీ, వన్‌డ్రైవ్‌లో 5, ఐక్లౌడ్‌లో 5, డ్రాప్‌బాక్స్‌లో 2. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాకు మూడు పరికరాల పరిమితి కూడా ఉంది. గూగుల్ ఇచ్చే 15 జీబీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఆ లెక్కలోకే వస్తోంది. ఏమీ పెట్టకుండానే డ్రైవ్ నిండిపోయిందని అమ్మ అంటే ముందు చూడాల్సింది అక్కడే. 15 జీబీ పూర్తిగా నిండితే కొత్త మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది.

ఓటీపీ గడిని నిర్లక్ష్యం చేయకండి. మన ఇళ్లలో నాలుగు ఖాతాలకూ రికవరీ నంబర్ నాన్నదే ఉండటం మామూలు. ఆ ఫోన్ పోయినా, ఆ సిమ్ రీచార్జి లేక ఆగిపోయినా నలుగురూ ఒకేసారి బయట నిలబడతారు. ఎవరి నంబర్ వారికి పెట్టండి. గూగుల్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే పద్ధతి) ఆన్ చేశాక ఒక్కోటి ఎనిమిది అంకెల బ్యాకప్ కోడ్‌లు పది ఇస్తుంది. వాటిని ప్రింట్ తీసి ఇంటి దస్తావేజులతో పాటు దాచండి. కంప్యూటర్‌లో ఫైలుగా దాచారంటే తాళంచెవి బీరువాలో పెట్టి తలుపు మూసినట్టే.

విండోస్ ఖాతాలు వేరు చేయడం

ఇక్కడ వరుస ముఖ్యం. తారుమారైతే అడ్మిన్ హక్కులు (కంప్యూటర్ సెట్టింగ్‌లన్నీ మార్చే అధికారం) ఎవరికీ లేకుండా పోయే ప్రమాదం ఉంది.

1. ఇప్పుడున్న లాగిన్‌లోంచి సెట్టింగ్స్ → అకౌంట్స్ → అదర్ యూజర్స్ → యాడ్ అకౌంట్ నొక్కండి. విండోస్ 10లో అయితే ఫ్యామిలీ అండ్ అదర్ యూజర్స్ అని ఉంటుంది.

2. మెయిల్ అడుగుతుంది. ఇవ్వకండి. "ఐ డోంట్ హావ్ దిస్ పర్సన్స్ సైన్ ఇన్ ఇన్ఫర్మేషన్" అనే లింకు నొక్కి, తర్వాతి తెరలో "యాడ్ ఎ యూజర్ వితౌట్ ఎ మైక్రోసాఫ్ట్ అకౌంట్" ఎంచుకోండి.

3. మొదటి ఖాతా ఎవరిదీ కాదు, ఇంటి అడ్మిన్‌ది. దానికొక పేరు, గట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. తయారయ్యాక దాని మీద నొక్కి "చేంజ్ అకౌంట్ టైప్"లో అడ్మినిస్ట్రేటర్ చేయండి. సైన్ అవుట్ అయి ఈ కొత్త అడ్మిన్‌లోకి ఒకసారి వెళ్లి చూడండి. పాస్‌వర్డ్ పనిచేసిందని కళ్లారా చూశాకే ముందుకు.

4. ఆ అడ్మిన్‌లో ఉండి ఇదే పద్ధతిలో అమ్మకు, అమ్మాయికి, అబ్బాయికి ఖాతాలు చేయండి. కొత్తవి వాటంతటవే స్టాండర్డ్ యూజర్‌గా, అంటే అడ్మిన్ హక్కులు లేని మామూలు ఖాతాగా వస్తాయి, అలాగే ఉంచండి.

5. చివరగా పాత ఉమ్మడి లాగిన్‌ను కూడా ఇక్కడినుంచే స్టాండర్డ్‌కు మార్చండి. దాన్ని ఎవరికి వదలాలన్నది కింద చెబుతాం.

ఇంటి పెద్దకు సాధారణంగా నచ్చనిది ఈ ఐదో అడుగే. కానీ కారణం ఉంది. అడ్మిన్ హక్కులున్నవారు సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిచి వేరేవారి ఫోల్డర్ మీద నొక్కితే "అనుమతి లేదు" అంటూ చిన్న పెట్టె వస్తుంది, కింద "కంటిన్యూ" అని ఉంటుంది. ఆ ఒక్క నొక్కుతో తలుపు తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకోదు. ఆ ఫోల్డర్‌కు శాశ్వతంగా అనుమతి ఇచ్చేసినట్టే. స్టాండర్డ్ యూజర్‌ను మాత్రం అదే పెట్టె అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. రోజువారీ పనికి అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు విండోసే ఆ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లిద్దరికీ అది తెలిస్తే చాలు.

మెయిల్ లేకుండా లోకల్ ఖాతా చేయమనడానికి ఇంకో చిన్న కారణం. మైక్రోసాఫ్ట్ మెయిల్‌తో నేరుగా ఖాతా చేస్తే విండోస్ ఆ చిరునామాలో మొదటి ఐదు అక్షరాలతో ఫోల్డర్ పేరు పెడుతుంది. వెంకటలక్ష్మి గారి ఫోల్డర్ "వెంక" దగ్గర తెగిపోతుంది, తర్వాత దాన్ని మార్చడం తలనొప్పి. పేరును ఇంగ్లిషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఇవ్వండి. కొన్ని పాత సాఫ్ట్‌వేర్‌లు తెలుగు అక్షరాల ఫోల్డర్ పేరు చూసి తడబడతాయి.

పాస్‌వర్డ్ ఇవ్వగానే మూడు భద్రతా ప్రశ్నలు అడుగుతుంది. మీ మొదటి పెంపుడు జంతువు పేరు, పుట్టిన ఊరు వంటివి. ఇంట్లోవాళ్లకు తెలియని జవాబు ఇందులో ఒక్కటీ ఉండదు కదా! నిజం రాయక్కర్లేదు. ఏదో ఒక పొంతనలేని మాట రాసి, ఆ మాటను నోటుబుక్కులో రాసిపెట్టుకోండి.

ఎవరి ఖాతాలోకి వారు వెళ్లి సెట్టింగ్స్ → అకౌంట్స్ → సైన్ ఇన్ ఆప్షన్స్‌లో పిన్ పెట్టుకోవచ్చు. ఆ పిన్ ఈ ఒక్క కంప్యూటర్‌లోనే చెల్లుతుంది కాబట్టి, పక్కనుంచి ఎవరైనా చూసేసినా మీ మెయిల్ పాస్‌వర్డ్ బయటపడదు.

పాత లాగిన్‌లో పేరుకుపోయినవాటిని పంచడం

అసలు శ్రమ ఇక్కడే. అందరి ఫైళ్లూ ఒకే లాగిన్‌లో, ఒకరి క్లౌడ్‌లో కలగలిసిపోయి ఉంటాయి. ఆ పాత లాగిన్‌ను దాని క్లౌడ్ ఖాతా ఎవరిదో వారికే వదిలేయండి. ఎక్కువ ఇళ్లలో అది నాన్నదే. మిగతావారి ఫైళ్లు బయటికి తీయడం తేలిక, ఆయనవి వేరే చోటికి తరలించడం కష్టం.

ఉదాహరణకు నాన్న వన్‌డ్రైవ్‌లో "స్కూల్" పేరుతో అమ్మ ఫోల్డర్ 3 జీబీ ఉందనుకుందాం. ముందు దాని పక్కన ఉన్న గుర్తు చూడండి. నీలం మబ్బు ఉంటే ఫైలు కంప్యూటర్‌లో లేదు, పేరు మాత్రమే ఉంది. ఆకుపచ్చ గీతతో వలయం ఉంటే ప్రస్తుతానికి ఉంది. నిండు ఆకుపచ్చ వలయంలో తెల్లని టిక్కు ఉంటే ఎప్పుడూ ఉంటుంది. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" నొక్కి, అన్నీ మూడో గుర్తుకు వచ్చేదాకా ఆగండి.

తర్వాత ఫోల్డర్‌ను కాపీ చేయండి. కట్ చేయకండి. కట్ చేసి బయట పెడితే క్లౌడ్‌లోంచి కూడా వెంటనే పోతుంది. మధ్యలో కరెంటు పోతే ఏది ఎక్కడుందో వెతుక్కోవాలి. కాపీని సి డ్రైవ్ → యూజర్స్ → పబ్లిక్‌లో పెట్టండి. అది అన్ని ఖాతాలకూ అందే ఉమ్మడి వసారా. రెండు ఫోల్డర్ల మీదా రైట్ క్లిక్ → ప్రాపర్టీస్ నొక్కి ఫైళ్ల సంఖ్య, బైట్ల లెక్క సరిపోయాయో లేదో చూడండి. అమ్మ తన లాగిన్‌లోకి వెళ్లి అక్కడినుంచి తన డాక్యుమెంట్స్‌లోకి కాపీ చేసుకోవాలి. పబ్లిక్‌లోనిది ఆ రోజే తీసేయండి. నాన్న వన్‌డ్రైవ్‌లోని అసలును మాత్రం ఓ వారం ఆగి, అమ్మ నాలుగు ఫైళ్లు తెరిచి చూశాక తీసేయండి.

వన్‌డ్రైవ్: మొదటి ఐదు నిమిషాలు

కొత్త లాగిన్‌లోకి వెళ్లగానే వన్‌డ్రైవ్ తనే పలకరిస్తుంది. ఎవరి లాగిన్‌లో వారి మెయిలే ఇవ్వండి. వెంటనే "మీ ఫోల్డర్లను బ్యాకప్ చేయనా" అంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మూడూ ముందే ఆన్ చేసి ఉంటాయి. 5 జీబీ ఉచిత ఖాతాతో దీనికి సరే అన్నారంటే ఓ పెళ్లి ఆల్బమ్‌కే నిండి, ఎర్ర గుర్తులు మొదలవుతాయి. డాక్యుమెంట్స్ ఒక్కటి ఉంచి మిగతావి ఆపేయండి. తర్వాత మార్చుకోవాలంటే గడియారం పక్కన మబ్బు గుర్తు → గేర్ → సెట్టింగ్స్ → సింక్ అండ్ బ్యాకప్ → మేనేజ్ బ్యాకప్. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఈ బ్యాకప్‌లోకి రాదు. హాల్‌టికెట్లు, ఈసీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ పడి ఉండేది మాత్రం అందులోనే.

బ్యాకప్ ఆపినప్పుడు డెస్క్‌టాప్ ఖాళీ అయినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. ఫైళ్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల ఉన్న డెస్క్‌టాప్‌లో ఉండిపోతాయి. అక్కడినుంచి మామూలు డెస్క్‌టాప్‌కు మీరే తెచ్చుకోవాలి.

వర్డ్, స్టోర్ వంటి వాటిలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయితే "ఈ ఖాతాను కంప్యూటర్ అంతటా వాడనా" అన్న ప్రశ్న వస్తుంది. పెద్ద బటన్ నొక్కితే మీ లోకల్ ఖాతా మైక్రోసాఫ్ట్ ఖాతాగా మారిపోతుంది. కింద చిన్న అక్షరాల్లో ఉన్న "మైక్రోసాఫ్ట్ యాప్స్ ఓన్లీ" నొక్కండి.

ఆధార్, పాన్ స్కాన్‌ల వంటివాటికి వన్‌డ్రైవ్‌లో పర్సనల్ వాల్ట్ ఉంది. వాడకుండా వదిలేస్తే కంప్యూటర్‌లో 20 నిమిషాలకు దానికదే తాళం పడుతుంది. ఉచిత ఖాతాలో మూడు ఫైళ్లకే చోటు. అందుకే ఉన్న స్కాన్‌లన్నీ ఒకే పీడీఎఫ్‌గా కలిపి పెట్టేవారున్నారు.

గూగుల్ డ్రైవ్: స్ట్రీమా, మిర్రరా

ఈ యాప్‌ను అడ్మిన్ పాస్‌వర్డ్‌తో ఒక్కసారి వేస్తే అన్ని లాగిన్‌లకూ వస్తుంది. సైన్ ఇన్ మాత్రం ఎవరి లాగిన్‌లో వారే చేయాలి. వెంటనే చేయాల్సిన నిర్ణయం ఒకటుంది. గడియారం పక్కన డ్రైవ్ గుర్తు → గేర్ → ప్రిఫరెన్సెస్ → గూగుల్ డ్రైవ్‌లో రెండు దారులు కనిపిస్తాయి.

మిర్రర్ అంటే మై డ్రైవ్‌లో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి దిగుతుంది. స్ట్రీమ్ అంటే పేర్లు మాత్రమే కనిపిస్తాయి, తెరిచినప్పుడు దిగుతుంది. డిస్క్ లెక్క వేసి చూడండి. 256 జీబీ అని అమ్మిన ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 238 జీబీగా కనిపిస్తుంది. విండోస్, ఆఫీస్, ఒకటి రెండు గేములకు 100 పోయిందనుకోండి. అమ్మాయి 100 జీబీ ప్లాన్ తీసుకుని మిర్రర్ పెట్టిందంటే మిగతా ముగ్గురికీ కలిపి 40 కూడా మిగలదు. ఉమ్మడి కంప్యూటర్‌లో అందరూ స్ట్రీమే పెట్టుకోవాలి. నెట్ లేనప్పుడూ కావాల్సిన ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి "ఆఫ్‌లైన్ యాక్సెస్" కింద "అవైలబుల్ ఆఫ్‌లైన్" నొక్కుకుంటే సరిపోతుంది.

స్ట్రీమ్ పెట్టినా తెరిచిన ఫైళ్ల నకళ్లు యూజర్ ఫోల్డర్ లోపల దాగి పెరుగుతూ ఉంటాయి. సి డ్రైవ్ కారణం లేకుండా ఎర్రబడుతుంటే అనుమానించాల్సింది దీన్నే. ఆ దాగిన ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో మాత్రం తీసేయొద్దు. ఇంకా పైకి ఎక్కని ఫైళ్లు కూడా అక్కడే ఉంటాయి.

పెన్‌డ్రైవ్ లేదా కెమెరా కార్డు పెట్టగానే "దీన్ని బ్యాకప్ చేయనా" అని డ్రైవ్ అడగవచ్చు. మిత్రుడి పెన్‌డ్రైవ్ మొత్తం మీ 15 జీబీలోకి ఎక్కేది ఇలాగే. ప్రిఫరెన్సెస్‌లో ఆ ప్రశ్నను ఆపేయవచ్చు.

ఐక్లౌడ్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ఐక్లౌడ్ ఫర్ విండోస్ వేసుకుని, ఐఫోన్ ఉన్నవారు తమ లాగిన్‌లో సైన్ ఇన్ అవ్వడమే.

డి డ్రైవ్: అందరూ మరిచిపోయే కిటికీ

మన దగ్గర కంప్యూటర్ అమర్చినవారు సి, డి, ఈ అని డిస్క్‌ను ముక్కలు చేసి ఇస్తారు. "ముఖ్యమైనవి డిలో పెట్టండి, విండోస్ పాడైనా ఉంటాయి" అని చెబుతారు. సలహా మంచిదే. కానీ విండోస్ ఖాతాల గోడ సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌కే. డి డ్రైవ్‌లో కొత్తగా చేసిన ఫోల్డర్‌ను ఏ లాగిన్‌లోంచైనా తెరవచ్చు, మార్చవచ్చు, చెరపవచ్చు. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌ను డికి మార్చుకున్నవారు తలుపు వేసి కిటికీ తెరిచి పెట్టినట్టే.

అడ్మిన్ లాగిన్‌లో ఉండి సరిచేయండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ → ప్రాపర్టీస్ → సెక్యూరిటీ → అడ్వాన్స్‌డ్. కింద "డిజేబుల్ ఇన్‌హెరిటెన్స్" నొక్కి, వచ్చే రెండింటిలో "కన్వర్ట్" అన్నది ఎంచుకోండి. జాబితాలో యూజర్స్, ఆథెంటికేటెడ్ యూజర్స్ అనే వరుసలను రిమూవ్ చేయండి. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్ వరుసలను కదపొద్దు. ఇప్పుడు యాడ్ → సెలెక్ట్ ఎ ప్రిన్సిపల్ నొక్కి, ఆ ఫోల్డర్ ఎవరిదో వారి లాగిన్ పేరు కొట్టి, చెక్ నేమ్స్ నొక్కి, ఫుల్ కంట్రోల్ ఇచ్చి ఓకే చేయండి. అబ్బాయి లాగిన్‌లోకి వెళ్లి అమ్మ ఫోల్డర్ తెరిచి చూడండి. తెరుచుకోకూడదు.

సెక్యూరిటీ అనే ట్యాబే కనిపించకపోతే ఆ డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ లేదా ఫ్యాట్32 పద్ధతిలో ఉందన్నమాట. అలాంటి డ్రైవ్‌లో అనుమతులు పెట్టలేం, వన్‌డ్రైవ్ కూడా ఎన్‌టీఎఫ్‌ఎస్ తప్ప వేరేది ఒప్పుకోదు.

ఇంకో రెండు పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. సింక్ అంటే కంప్యూటర్‌లోని ఫైళ్లను క్లౌడ్‌తో ఎప్పటికప్పుడు ఒకేలా ఉంచే పని. చోటు కలిసొస్తుందని రెండు లాగిన్‌ల సింక్‌నూ డిలో ఒకే ఫోల్డర్‌కు చూపించడం ఒకటి. రెండు యాప్‌లూ అదే ఫైలు కోసం కొట్టుకుని, పేరు చివర కంప్యూటర్ పేరుతోనో, (1) అనో నకళ్లు పుట్టిస్తాయి. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌ను గూగుల్ డ్రైవ్ చేత కూడా బ్యాకప్ చేయించడం రెండోది. ఒకటి మార్చిన ఫైలును రెండోది మళ్లీ పైకి ఎక్కిస్తుంది, మబ్బులో మాత్రమే ఉన్నవాటిని కిందికి లాగుతుంది. రాత్రంతా డిస్క్ లైటు వెలుగుతూనే ఉంటుంది. ఒక ఫోల్డర్‌కు ఒకే క్లౌడ్ ఉండాలి.

బ్రౌజర్, కాలేజీ ఖాతా

విండోస్ లాగిన్ వేరైతే క్రోమ్ కూడా దానంతటదే వేరవుతుంది. దాచిన పాస్‌వర్డ్‌లు, హిస్టరీ ఎవరివి వారివే. అమ్మాయికి సొంత ఖాతా, కాలేజీ ఖాతా రెండూ ఉంటే ఆమె లాగిన్‌లోనే రెండు క్రోమ్ ప్రొఫైళ్లు చేసుకోవడం మేలు. ఒకే ప్రొఫైల్‌లో రెండిటితో సైన్ ఇన్ అయితే మొదట ఎక్కిన ఖాతానే గూగుల్ ప్రధానంగా తీసుకుంటుంది. లెక్చరర్ పంపిన డ్రైవ్ లింకు నొక్కితే "మీకు అనుమతి లేదు" అని వచ్చేది అందుకే. లింకు సొంత ఖాతాతో తెరుచుకుంది, అనుమతి కాలేజీ ఖాతాకుంది.

కాలేజీ ఇచ్చిన మైక్రోసాఫ్ట్ ఖాతాతో టీమ్స్‌లోకో వర్డ్‌లోకో వెళ్లినప్పుడు మరో పెట్టె వస్తుంది. "అలౌ మై ఆర్గనైజేషన్ టు మేనేజ్ మై డివైస్" అని ముందే టిక్కు పెట్టి ఉంటుంది. ఇంటి కంప్యూటర్ మీద పెత్తనం కాలేజీకి ఎందుకు? టిక్కు తీసేసి, కింద ఉన్న "నో, సైన్ ఇన్ టు దిస్ యాప్ ఓన్లీ" నొక్కండి. ఇప్పటికే సరే అనేసి ఉంటే సెట్టింగ్స్ → అకౌంట్స్ → యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్‌లోకి వెళ్లి డిస్‌కనెక్ట్ చేయండి.

కాలేజీ ఖాతా చదువు అయ్యేదాకానే. గూగుల్ కాలేజీ ఖాతాలోని ఫైలు యాజమాన్యాన్ని బయటి సొంత జీమెయిల్‌కు బదలాయించడం కుదరదు. ఆఖరి సెమిస్టర్‌లోనే గూగుల్ టేకౌట్‌తో మూటకట్టి దించుకోవాలి. ఇంటి ఫొటోలు అందులో పెట్టకండి.

నలుగురికీ కావాల్సినవి

ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఇన్సూరెన్స్ కాగితాలు, ఫొటోలు అందరికీ అందాలి. వాటికోసం మళ్లీ ఉమ్మడి లాగిన్ చేసుకోవద్దు. ఒకరి డ్రైవ్‌లో "ఇల్లు" అనే ఫోల్డర్ చేసి మిగతా ముగ్గురికీ షేర్ చేయండి. పిల్లలకు వ్యూయర్, పెద్దలకు ఎడిటర్. వారు తమ ఖాతాలో "షేర్డ్ విత్ మి"లో దాన్ని చూసి, షార్ట్‌కట్‌ను మై డ్రైవ్‌లో చేర్చుకుంటే కంప్యూటర్‌లోనూ కనిపిస్తుంది. గూగుల్ డ్రైవ్‌లో ఎవరు ఎక్కించిన ఫైలు వారి కోటాలోనే లెక్కపడుతుంది. నాన్న చేసిన ఫోల్డర్‌లో అమ్మ 4 జీబీ ఫొటోలు పెడితే తగ్గేది అమ్మ చోటే.

డబ్బు పెట్టి కొనేటట్టయితే రెండు దారులు. మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీలో ఆరుగురి వరకూ, ఒక్కొక్కరికీ విడిగా 1 టీబీ. ఒకరు నింపితే ఇంకొకరికి తగ్గదు. గూగుల్ వన్‌లో ప్లాన్ తీసుకున్నవారు కాక ఇంకో ఐదుగురు చేరవచ్చు, కానీ కొన్న చోటు అందరికీ ఉమ్మడి. ఎవరి 15 జీబీ వారికి ముందు నిండి, తర్వాత ఉమ్మడి దాంట్లోంచి పోతుంది. వీడియోలు తీసే పిల్లవాడు ఒక్కడు చాలు మొత్తం ఊడ్చేయడానికి. రెండింటిలోనూ ప్లాన్ యజమానికి ఇతరుల ఫైళ్లు కనిపించవు. గూగుల్ ఫ్యామిలీ గ్రూపులో అందరూ ఒకే దేశంలో ఉండాలన్న నిబంధన ఉంది. డాలస్‌లో ఉన్న కొడుకు ప్లాన్‌లో కరీంనగర్‌లో ఉన్న అమ్మానాన్నలు చేరలేరు. వారికి షేర్డ్ ఫోల్డరే దారి.

"క్లౌడ్‌లో ఉందిగా, ఇక్కడ తీసేద్దాం"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన మాట ఇది. సి డ్రైవ్ నిండిందని వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఫొటోలు సెలెక్ట్ చేసి డిలీట్ కొడతారు. అద్దంలో బొమ్మ వేరు, మనిషి వేరు అనుకోవడమే పొరపాటు. ఇక్కడ పోతే అక్కడా పోతుంది, ఫోన్లోనూ పోతుంది. చోటు కావాలంటే నొక్కాల్సింది డిలీట్ కాదు. రైట్ క్లిక్ చేసి "ఫ్రీ అప్ స్పేస్" నొక్కాలి. గుర్తు నీలం మబ్బుగా మారుతుంది, ఫైలు పైన క్షేమంగా ఉంటుంది.

ఇప్పటికే డిలీట్ కొట్టేసి ఉంటే, బ్రౌజర్‌లో ఆ ఖాతా తెరిచి రీసైకిల్ బిన్ లేదా ట్రాష్ చూడండి. వన్‌డ్రైవ్ సొంత ఖాతాల్లో, గూగుల్ డ్రైవ్‌లో 30 రోజులు ఉంటాయి. ముప్ఫై ఒకటో రోజున ఎవరినీ అడిగి లాభం లేదు. పాస్‌బుక్కులు, పిల్లల చిన్ననాటి ఫొటోల వంటివి సింక్‌కు బయట, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో కూడా ఉండాలి.

నెట్ నెమ్మదించినప్పుడు

నలుగురూ ఒకే రోజు సింక్ మొదలుపెడితే ఇంటి వైఫై మూడు రోజులు మూలుగుతుంది. అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ ఉంటే 50 జీబీ ఎక్కడానికి పదకొండు గంటలు పైనే, అది కూడా ఇంకెవరూ వాడకపోతే. ఒక్కొక్కరు ఒక్కో రాత్రి మొదలుపెట్టండి. పగలు పరిమితి పెట్టుకోవాలంటే గూగుల్ డ్రైవ్ ప్రిఫరెన్సెస్‌లో బ్యాండ్‌విడ్త్ సెట్టింగ్స్, వన్‌డ్రైవ్‌లో సింక్ అండ్ బ్యాకప్ → అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్. అక్కడ లెక్క సెకనుకు కిలోబైట్లలో ఉంటుంది. 1 ఎంబీపీఎస్ అంటే 125. కాబట్టి 4 ఎంబీపీఎస్ వదలాలంటే 500 అని రాయండి.

విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి ఒకరు లేచి ఇంకొకరు కూర్చుంటే మొదటివారి సింక్ వెనకాల నడుస్తూనే ఉంటుంది, వారి క్రోమ్ కూడా. 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ముగ్గురు ఇలా వదిలేస్తే నాలుగోవారికి మౌస్ కూడా కదలదు. టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ ట్యాబ్ చూస్తే ఎవరు ఎంత తింటున్నారో తెలుస్తుంది. అప్‌లోడ్ నడుస్తుంటే లాక్ చేసి లేవండి, అప్‌లోడ్ ఏమీ నడవకపోతే సైన్ అవుట్ అవ్వండి. కంప్యూటర్ నిద్రలోకి వెళితే సింక్ కూడా నిద్రపోతుంది. రాత్రి అప్‌లోడ్‌కు పెట్టేటప్పుడు పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను నెవర్ చేయడం మరవకండి.

ఖాతా తీసేయాల్సి వస్తే

అమ్మాయి హాస్టల్‌కు వెళ్తూ సొంత ల్యాప్‌టాప్ తీసుకుంది అనుకుందాం. ముందు ఆమె లాగిన్‌లో సింక్ పూర్తయిందని రెండు యాప్‌లలోనూ చూడండి. వన్‌డ్రైవ్‌లో సెట్టింగ్స్ → అకౌంట్ → అన్‌లింక్ దిస్ పీసీ, గూగుల్ డ్రైవ్‌లో డిస్‌కనెక్ట్ అకౌంట్. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఏ క్లౌడ్‌లోనూ లేదు కాబట్టి దాన్ని విడిగా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోవాలి. ఆ తర్వాతే అడ్మిన్ లాగిన్‌లోంచి అదర్ యూజర్స్‌లో ఆమె పేరు కింద రిమూవ్ నొక్కండి. "డిలీట్ అకౌంట్ అండ్ డేటా" అన్నది అక్షరాలా నిజం. సి డ్రైవ్‌లో ఆమె ఫోల్డర్ మొత్తం పోతుంది, రీసైకిల్ బిన్‌లోకి కూడా రాదు. డి డ్రైవ్‌లోని ఆమె ఫోల్డర్ మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని వేరుగా చూసుకోవాలి.

కంప్యూటర్‌నే అమ్మేస్తుంటే ఇంకో సంగతి. చాలా కొత్త కంప్యూటర్లలో డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేకుండా ఎవరూ చదవలేని రూపంలో) ఉంటుంది, 48 అంకెల రికవరీ కీ మొదట మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయిన అడ్మిన్ పేరు మీద దాచి ఉంటుంది. ఆ ఖాతా ఎవరిదో రీసెట్ చేయకముందే తెలుసుకోండి. చివరగా ఫోన్లో ఎవరి గూగుల్ ఖాతా వారు తెరిచి సెక్యూరిటీ → యువర్ డివైసెస్‌లో, మైక్రోసాఫ్ట్ ఖాతాలో డివైసెస్‌లో ఆ పాత కంప్యూటర్ పేరు కనిపిస్తే సైన్ అవుట్ చేసి తీసేయండి.